నీళ్లలోవాడి పాయ

ముడి 8,412. శీర్షిక: ఆఫీసు.

ఈ పుస్తకం కాగితంది. పంపుల శాఖవాళ్లు పారేసిన పాత రిజిస్టరులో వెనక పేజీలు ఖాళీగా ఉంటే తెచ్చుకున్నాను. దారంలో ఉన్న సంగతిని ఎప్పటికైనా ఎవరో ఒకరు విప్పి తిరగేయవచ్చు. ఆ పని చేసేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. కాగితం మీద రాసింది విప్పడం ఎవరి తరమూ కాదు.

పడవలంకలో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివాళ్ల మెడ వెనకా దారం ఉంటుంది. సాయంత్రం ఆరింటికి సైరన్ కూయగానే ఆ రోజు చూసిందీ, విన్నదీ, అనుకున్నదీ అంతా కలిసి ఒక ముడి పడుతుంది. లోపల ఏముందో సొంతదారుకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. పైన ఒక చిన్న శీర్షిక మాత్రం మనం పెట్టాలి, అది మా దారాల ఆఫీసులో కనిపిస్తుంది. ఊళ్లో సగం మంది బద్ధకస్తులు. "మామూలే" అనో "తలనొప్పి" అనో పెట్టి ఊరుకుంటారు. నేనూ ఆ జాబితాలోదాన్నే. నా దారం నిండా "ఆఫీసు" అన్న మాటే.

ఇవాళ పొద్దున మా పై అధికారి బేబీ సరోజిని గారు అందరినీ కూర్చోబెట్టి పని చెప్పారు. తొమ్మిదేళ్ల కిందట మూడువందల నలభై మందికి దారంలోకి లోతు ఈత పాఠం ఎక్కించారు. ఆ పాఠంలో ఏదో లోపం ఉందట, ఇప్పుడు వాళ్ల చేతులు వణుకుతున్నాయి. వానాకాలం దాటితే నరాలు చచ్చుబడిపోతాయని డాక్టర్లు తేల్చారు. పాఠం ఎక్కించిన ముడి ఒక్కటీ తీసేస్తే సరిపోదు. దాని తర్వాతి ముడులన్నీ దాన్ని పట్టుకునే ఉన్నాయి కాబట్టి, అన్నిటినీ విప్పి వరసగా మళ్లీ వేయాలి. దాన్నే మేం తిరగేయడం అంటాం.

ఆ మూడువందల నలభైలో నా మొగుడు నూకరాజు ఒకడు. ఇంటికి వచ్చేసరికి టీ పెట్టి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. సగం పళ్లెంలోనే ఉంది. ఎనిమిదేళ్లుగా నాలుగింటి టీ తనే పెడతాడు. చేతులు ఇలా అయ్యాక కూడా మానలేదు.

ముడి 8,415. శీర్షిక: ఆఫీసు.

నూకరాజు దారం ఇమ్మానుయేలుకు పడింది. నా పక్క బల్ల అతనిదే. సొంతవాళ్ల దారం ముట్టుకోకూడదని మాకు నిబంధన. కానీ దారాల మీద నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. మొగుడి నంబరు తెలియని పెళ్లాం ఈ ఊళ్లో లేదు.

ఆ దారంలో జంట ముడి ఉందని ఇమ్మానుయేలు పొద్దున్నుంచీ గొణుగుతున్నాడు. జంట ముడి అంటే మా వాళ్లందరికీ చిరాకే. సముద్రం అడుగున ఆరో పంపు దగ్గర మనుషులు చాలనప్పుడు ఊళ్లో కొందరికి పాయ తీశారు, నూకరాజుకూ పధ్నాలుగు నెలలు తీశారు. మనిషి ఇంట్లోనే ఉంటాడు. అతని దారానికి నకలు తీసి ఒక అద్దె ఒంటికి తొడిగి కిందికి పంపుతారు. ఇంటివాడు ఇంట్లో, నీళ్లలోవాడు నీళ్లలో, ఎవరి ముడులు వాళ్లకి పడతాయి. పని అయ్యాక అద్దె ఒంటిని వెనక్కిచ్చేసి రెండు పాయల్నీ ఒకే మెడలో కలుపుతారు. కలిపేటప్పుడు ఇంటివాడిదొక మాట, నీళ్లలోవాడిదొక మాట అయిన చోట, మనిషి కూర్చుని తనంతట తాను తేల్చుకోవాలి. ఆ తేల్చుకున్నది జంట ముడిలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

అందుకే తిరగేసేటప్పుడు "జంట నిలుపు" అనే మీట నొక్కాలి. మిషను అక్కడి దాకా వెళ్లి ఆగుతుంది. సొంతదారును పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, మళ్లీ తేల్చుకోమనాలి. మీట నొక్కకపోతే మిషను జంట ముడిని పక్కన పారేసి, రెండు పాయల్నీ ఒకే వరసలో పరిచేస్తుంది. రెంటికీ కుదరని చోట, చివర పరిచినవాడి మాటే నిలుస్తుంది.

నా వాటాలోవి రెండు తేలిక దారాలిచ్చి ఆ ఒక్కటీ తీసుకున్నాను. ఇమ్మానుయేలు మొహం వెలిగిపోయింది. "నువ్వు దేవతవక్కా" అన్నాడు.

ముడి 8,416. శీర్షిక: ఆఫీసు.

చూశాను. చూడకుండా ఉండాల్సింది.

నీళ్లలోవాడి పాయలో నాలుగు వందల ఇరవై ఆరు ముడులున్నాయి. మొదటి వారం పంపు గది, వాల్వులు, జలుబు. తొమ్మిదో ముడి మీద "హైమతో పరిచయం" అని ఉంది. పదకొండో ముడి "హైమతో టీ". ఆ తర్వాత ఇంక చూడక్కర్లేదు. హైమకు చెప్పాను. హైమ నవ్వింది. హైమకు మళ్లీ చెప్పాను. హైమతో టీ. హైమకు కోపం వచ్చింది. హైమకు చెప్పాను. చివరి నుంచి మూడోది "హైమ ఉండిపోమంది".

లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు సార్లు. నా పేరు ఒక్కసారి లేదు.

ఇంటివాడి పాయలోనూ లేదు. ఇల్లు, ఇల్లు, బజారు, ఇల్లు, వాన, ఇల్లు. పధ్నాలుగు నెలలు నా చేతి కూడు తిన్నవాడికి నేను బజారుపాటి కూడా చేయలేదన్నమాట. చిట్టచివర, కలపడానికి ముందురోజు ముడి మీద మాత్రం "చెప్పాలి" అని ఉంది. ఆ పైన జంట ముడి. దాని శీర్షిక "తేల్చుకున్నాను".

ఏం తేల్చుకున్నాడో తెరిచి చూసే దారి లేదు. ఇప్పుడనిపిస్తోంది, ఆ నాలుగింటి టీ పాయలు కలిపిన మర్నాటి నుంచే మొదలైంది. అంతకుముందు నూకరాజు ఎప్పుడూ పొయ్యి దగ్గరికి వచ్చిన మనిషి కాదు. నేను తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంటే పక్కన నిలబడి నవ్వడం కూడా అప్పటి నుంచే. ప్రేమ అనుకుని ఎనిమిదేళ్లు మురిసిపోయాను. తప్పు చేసినవాడు తీర్చుకుంటున్న బాకీ అని ఇవాళ తెలిసింది.

ముడి 8,418. శీర్షిక: ఆఫీసు.

నిన్నా ఇవాళా ఇంటిపని సాగడం లేదు. నాచు ఎండబెట్టడానికి డెక్కు మీద పరిచి, తిరగేయడం మర్చిపోయాను. ఒక పక్క మాడిపోయింది. మంచినీళ్ల డ్రమ్ము నిండి పొర్లుతుంటే పక్కింటివాళ్లు వచ్చి కుళాయి కట్టారు.

హైమ ఎలా ఉంటుందో అని ఆలోచిస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. తప్పకుండా నాకన్నా తెలుపు. నవ్వితే చెంపల మీద సొట్టలు పడతాయి. ఏం చెబితే అంతలా నవ్విందో! మగవాడు ఆడదానికి మళ్లీ మళ్లీ చెప్పే మాట ఏముంటుంది?

టీ తాగుతున్నప్పుడు, నీళ్ల అడుగున రోజులు ఎలా గడిచేవని మామూలుగా అడిగాను. "పంపులు, చీకటి, ఉప్పు. ఇంకేముంటాయి పుణ్యం?" అన్నాడు. నా పూర్తి పేరు పుణ్యవతి. పుణ్యం అని పిలవడం కూడా ఈ ఎనిమిదేళ్ల ముచ్చటే. ఆ పిలుపు వింటే ఇదివరకు ఒళ్లు పులకరించేది, ఇవాళ ఒళ్లు మండింది.

రేపు తిరగేయాలి. నిబంధన ప్రకారం మీట నొక్కితే నూకరాజును పిలుస్తారు. ఎదురుగా ఇటు ఇల్లు, ఇల్లు, బజారు. అటు రెండు వందల పన్నెండు హైమలు. మళ్లీ తేల్చుకోమంటారు. అప్పుడు నా వైపు ఎందుకు వచ్చాడో నాకు తెలియదు. జాలిపడి వచ్చాడేమో. జాలి రెండోసారి కూడా పుడుతుందని ఏమిటి నమ్మకం?

ముడి 8,419. శీర్షిక: ఆఫీసు.

నూకరాజును వార్డులో పడుకోబెట్టారు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను.

మీట నొక్కలేదు.

జంట ముడి ఒకటి ఉంది, వదిలేయాలా అని మిషను అడిగింది. వదిలేయమన్నాను. ఏ పాయ ముందు పరచాలని అడిగింది. నీళ్లలోవాడిని ముందు పరిచి, ఇంటివాడిని చివర పెట్టాను. నా ఎదురుగా కూర్చుని నా వంట తిన్నవాడు నావాడు. వాడి మాటే నిలవాలి. ఇందులో తప్పేముందని నన్ను నేనే అడిగి, నాకు నేనే ఏమీ లేదని చెప్పుకున్నాను.

మూడు గంటల్లో అయిపోయింది. పాత దారాన్ని నిబంధన ప్రకారం బుట్టలో వేశారు. పన్నెండు రోజుల తర్వాత ఊడ్చే మిషను బుట్టను ఖాళీ చేస్తుంది. ఇంటికి వస్తూ చాలా రోజుల తర్వాత చేపలు కొన్నాను.

ముడి 8,421. శీర్షిక: ఆఫీసు.

చేతుల వణుకు పోయింది. పొద్దున సూదిలో దారం ఎక్కించి చూపించాడు. డాక్టరు భుజం తట్టి పంపించాడు. నాకు ఏడుపొచ్చింది, అది సంతోషమే.

నాలుగింటికి ఇంటికొచ్చాను. నూకరాజు కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు. పొయ్యి చల్లగా ఉంది. ఇంకా నీరసంగా ఉండి ఉంటుందని నేనే టీ పెట్టాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాడు.

ముడి 8,423. శీర్షిక: ఆఫీసు.

వెళ్లిపోయాడు.

పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే సంచితో నిలబడ్డాడు. ఊరెళ్లే మనిషి పాలవాడికి కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"ఎప్పుడో చెప్పాలనుకున్నాను పుణ్యవతీ, ఎలాగో ఆగిపోయింది. నేను వేరేగా ఉంటాను."

హైమ దగ్గరికా అని అడిగాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. నూకరాజు నిజంగానే ఆలోచించాడు. ఆరో పంపు హైమేనా అన్నాడు, మంచి మనిషి అన్నాడు, ఆవిడ దగ్గరికి తనెందుకు వెళతానన్నాడు. ఉప్పురేవులో ఒంటరి మగవాళ్ల గదులుంటాయి, అందులో ఒకటి తీసుకున్నాడట.

ఈ ఎనిమిదేళ్లూ ఏమయ్యాయని అడిగాను.

"అన్నీ గుర్తున్నాయి. రోజూ టీ పెట్టడం గుర్తుంది. ఎందుకు పెట్టేవాణ్ణో అదే గుర్తు రావడం లేదు."

గుమ్మం దాటాడు. నేను తాళం వేసి మూడుసార్లు లాగాను. పక్కన నవ్వేవాళ్లు లేరు.

ముడి 8,424. శీర్షిక: ఆఫీసు.

ఆఫీసుకు వెళ్లలేదు. సైకిలుతో పెద్ద పడవెక్కి పంపుల రేవుకు వెళ్లాను. ఆరో పంపు హైమ ఎక్కడని అడిగితే టీ కొట్టు చూపించారు.

పొడుగు లేదు, తెలుపూ లేదు. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకుంది. నీళ్ల అడుగుకు అసలు ఒంటితోనే వెళ్లి పనిచేసిందట, అందుకు మోకాళ్లు పోయాయి. నేనెవరో చెప్పకముందే కొట్టు ముందు నా సైకిలుకు తాళం వేసి లాగి చూసుకుంటుంటే లోపలి నుంచి నవ్వు వినిపించింది.

"పుణ్యవతి గారు కదండీ మీరు? మూడుసార్లు లాగారు."

కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నేను దెబ్బలాడడానికి వచ్చాను, గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నూకరాజు ఆవిడతో రోజూ ఏం చెప్పేవాడని అడిగాను.

"మీ కబుర్లేనండి. పొద్దునా మీరే, సాయంత్రమూ మీరే. మీకు చింతకాయ పచ్చడంటే ప్రాణమంట, నిద్దట్లో లెక్కలు చెప్తారంట. చెప్పిందే చెప్పేవాడండి. ఒకరోజు విసుగొచ్చి నోరు మూసుకోమన్నాను. కోపం కాదండి, కుళ్లు. నన్నలా తలుచుకునే మనిషి నాకెవరూ లేరు కదాని."

ఆవిడ గరిటెతో పాలు కలుపుతూ తల ఎత్తకుండా మిగతాది కూడా చెప్పింది. పని అయిపోతున్న రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉండిపోమని అడిగిందట. నూకరాజు ఇంటికి వెళ్లాలన్నాడట.

"నీ బదులు అక్కడ ఇంకోడు ఉన్నాడు కదా అన్నానండి. వాడు రోజూ చూస్తున్నాడు, వాడికి ఆవిడ విలువేం తెలుస్తుంది అన్నాడు."

టీకి ఆవిడ ఏమీ తీసుకోలేదు. పడవలో కూర్చున్నాక నాకు అంతా అర్థమైంది. వెళ్లిపోవాలనుకున్నవాడు ఇంటివాడు. నా వంట తింటూ, "చెప్పాలి" అని శీర్షిక పెట్టుకుని, మర్నాడు చెప్పడానికి సిద్ధపడినవాడు. ఆ మర్నాడు రెండు పాయలూ కలిశాయి. నీళ్లలోవాడు వచ్చి నేనే కావాలన్నాడు, ఇంటివాణ్ణి ఒప్పించాడు. అదీ జంట ముడిలో ఉన్నది. ఎనిమిదేళ్లు నాకు టీ పెట్టింది నీళ్లలోవాడు. వాడిమీద కుళ్లుకుని, నా చేతులారా అడుగున పరిచేశాను.

ముడి 8,425. శీర్షిక: ఆఫీసు.

బేబీ సరోజిని గారికి అంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఈ ఉద్యోగంలో ఇరవై మూడేళ్లుగా ఉన్నదానివి శీర్షికలు చదివి మనిషిని చదివేశాననుకున్నావా అని మాత్రం అన్నారు. రేపటి నుంచి నాచు డెక్కు మీద పనికి వెళ్లమన్నారు. నా తాళంచెవి బల్ల మీద పెట్టాను.

పాత దారం బుట్టలో ఇంకా ఆరు రోజులుంటుంది. దాన్ని తెచ్చి, పాఠం ముడి తీసి, ఈసారి మీట నొక్కి జంట ముడి దాకా వెళ్లవచ్చు. కానీ సొంతదారు ఒప్పుకుని వచ్చి కూర్చోవాలి. "సంతకం నువ్వే తేవాలి పుణ్యవతీ. ఆయన దగ్గరికి వెళ్లి ఈ మాట చెప్పే మొహం నాకు లేదు" అన్నారు.

ముడి 8,427. శీర్షిక: ఆఫీసు.

డెక్కు మీద నాచు తిరగేసి తిరగేసి అరచేతులు పచ్చగా అయిపోయాయి. మధ్యాహ్నం సెలవడిగి ఉప్పురేవు వెళ్లాను. నూకరాజు గది బయట బల్ల మీద వల బాగుచేస్తున్నాడు. చేతులు కొంచెం కూడా వణకడం లేదు. అవి చూస్తూ చెప్పాను, మొహం చూసి చెప్పలేకపోయాను. మీట సంగతి, ఎవరిని ముందు పరిచానో, ఎవరిని చివర పెట్టానో, హైమ ఏం చెప్పిందో, ఏదీ దాచలేదు.

వల అల్లడం ఆపలేదు.

"నన్నడగలేదు" అన్నాడు. "అడిగితే ఏమంటానో అని భయపడి అడగలేదు. అప్పుడూ అంతే చేశావు. నేను నీ ఎదురుగా కూర్చుంటే నీళ్లలోవాడు ఏం చేస్తున్నాడు, వాడి పక్కన ఎవరున్నారు అని నన్నే అడిగేదానివి. పధ్నాలుగు నెలలు. అన్నం పెడుతూ కూడా వాడి గురించే. నేను తిన్నానో లేదో ఒక్కరోజు అడిగావా?"

నాకు గుర్తుంది. అవును, అడిగేదాన్ని. వాడి మీద అనుమానంతో వీడిని గోడలాగా చూశాను. సంచిలోంచి ఒప్పుకోలు కాగితం తీసి ఇచ్చాను.

తీసుకుని సంతకం పెట్టాడు. అది నా కోసం కాదనీ, రెండు పాయలూ తనవేననీ, తేల్చుకోవాల్సింది తానేననీ అన్నాడు. ఏం తేలుతుందో మాట ఇవ్వనన్నాడు. నేనూ అడగలేదు.

ముడి 8,428. శీర్షిక: ఆఫీసు.

ఇవాళ నా దారం నేనే తీసి చూసుకున్నాను. నూకరాజుకు పాయ తీసిన ఆ పధ్నాలుగు నెలలూ. ఆఫీసు, ఆఫీసు, బట్టలు, ఆఫీసు, జ్వరం, ఆఫీసు. నాలుగు వందల ఇరవై ఆరు ముడులు. తర్వాతి ఎనిమిదేళ్లూ, ఆ టీ తాగిన ఎనిమిదేళ్లూ కూడా చూశాను. అతని పేరు ఒక్కసారి లేదు.

ముడి 8,430.

పొద్దున ఎనిమిదింటికి నూకరాజు లోపలికి వెళ్లాడు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఇమ్మానుయేలు ఒకసారి తలుపు తీసుకుని బయటికి వచ్చి, మిషను జంట ముడి దగ్గర ఆగిందనీ, ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారనీ చెప్పాడు. మంచినీళ్లు తెచ్చిచ్చాడు. వాడికి నేను దేవతనని ఇంక అనిపించకపోవచ్చు, అయినా అక్కా అనే పిలిచాడు.

నా జీవితంలో మొదటిసారి, లోపల కూర్చున్న ఇద్దరిలో ఎవరి మీదా నాకు కుళ్లు లేదు. భయం మాత్రం ఉంది. వెళ్లిపోయేవాడు గెలిస్తే అది వాడి హక్కు అని పదిసార్లు అనుకున్నాను, పదిసార్లూ లేచి తలుపు దాకా వెళ్లి వచ్చాను.

మూడున్నరకి బయటికి వచ్చాడు. మెడ వెనక పట్టీ వేసి ఉంది. నా పక్క బెంచీ మీద కూర్చుని కాసేపు కాళ్లు చాపుకున్నాడు.

"పోయినసారి ఇంటివాణ్ణి నోరు మూయించాను" అన్నాడు. "వాడు చెప్పాల్సింది చెప్పకుండానే కలిపేశాను. ఈసారి మూయించలేదు. వాడికి నీతో చాలా మాటలున్నాయి, అవి వినాలి నువ్వు. విన్నాక ఉంటాడో వెళ్తాడో నాకూ తెలీదు. రెండోవాడు మాత్రం ఇంటికి పదమంటున్నాడు."

ఇంటికి వచ్చాం. తాళం నేను తీశాను. నూకరాజు పొయ్యి దగ్గరికి వెళ్లబోతే ఆపి, కూర్చోమన్నాను. టీ నేనే పెట్టాను. తిన్నావా అని అడిగాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్నాడు. చింతకాయ పచ్చడి వేసి అన్నం పెట్టాను. తింటూ ఇంటివాడి మాటలు ఒకటొకటిగా చెప్పాడు. కొన్ని వినడానికి కష్టంగా ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు నాకు కోపం వచ్చింది, ఒకసారి ఇద్దరం నవ్వాం. టీ చల్లారిపోతే మళ్లీ వెచ్చబెట్టాను. చెప్పాల్సింది ఇంకా చాలా ఉందట, రేపు చెబుతానన్నాడు.

ఆరింటికి సైరన్ కూసింది. శీర్షిక గడి తెరుచుకోగానే అలవాటుగా "ఆఫీసు" అని పెట్టేశాను. నాకిప్పుడు ఆఫీసే లేదు. అది చెరిపేసి, "నూకరాజుతో టీ" అని పెట్టాను.